బాయికాడి మిషిన్లు

హుజూరాబాద్ నుంచి జమ్మికుంట పోయే బస్సుల నా పక్కన కూసున్నాయన జామకాయ తినుకుంట ఫోన్ చూసి మురుస్తుండు. ఏందని అడిగిన. బాయికాడి కొట్టంల బిట్‌కాయిన్ తీసే మిషిన్లు నాలుగు పెట్టిండట. రైతులకిచ్చే ఫ్రీ కరెంటు మీదనే నడుపుతుండట.

"సెకండ్‌హ్యాండువే కొన్న అన్నా. స్పీడు జర పెంచిన. రాత్రి పగలు నడుస్తయి."

"మరి అంత లోడు ట్రాన్స్‌ఫార్మర్ తట్టుకుంటదా?"

"రెండుసార్లు కాలింది," అని నవ్విండు. "పక్క పొలం ముసలాయన ఆటో స్టార్టర్ పెట్టుకున్నడు. కరెంటు రాంగనే మోటర్ దానంతటదే నడుస్తది గద, అందుకే లోడు పడి కాలిందని అందరు గాయన మీదనే పడ్డరు. ఆ స్టార్టర్ నేనే పీకేసిన. ట్రాన్స్‌ఫార్మర్ బాగయ్యొచ్చేదాక నీళ్లు లేక గాయన వరి ఎండింది, పాపం."

గప్పుడే ఉప్పుకారం అద్దిన జామ ముక్క ఒకటి నా చేతుల పెట్టిండు. తినబుద్ధి కాలే. దాన్ని ఆయన మొఖం మీద కొట్టనీకి ధైర్యం రాలే. దిగేదాక అది నా పిడికిట్లనే చెమట పట్టింది.

మా ఊళ్లె ట్రాన్స్‌ఫార్మర్ కాలినప్పుడు మేం గూడ ఒక ముసలాయన ఆటో స్టార్టర్ పీకినం. ఆయన అడ్డం నిలవడి "తప్పు నాది కాదు బిడ్డా" అంటనే ఉండె. పట్కారు నాదే.