రాజవ్వ చూసిన రక్తం

సిరిసిల్లల మా ల్యాబుకు పొద్దున రాజవ్వ అచ్చింది. బట్ట నేసే సాంచెల కాడ నూలు కండెలు చుట్టే పని ఆమెది. కాళ్లు గుంజుతున్నయంటే డాక్టర్ పరీక్షలు రాసిండట. రక్తం తీసి మిషన్ల తిప్పిన. బయటికి తీసిన ట్యూబు చూసి ఆమె మొఖం తెల్లబోయింది. కింద ఎర్రగ, పైన పసుపు పచ్చగ ఉంది మరి.

"పచ్చకామెర్లా బిడ్డా? మా ఆయన దాంతోనే పోయిండు" అన్నది.

"కాదవ్వా, అందరి రక్తంల సగం కంటె ఎక్కువ గీ పచ్చటి నీళ్లే ఉంటయి. ఎర్ర కణాలు బరువు, తిప్పితే కిందికి దిగుతయి" అని చెప్పిన. నమ్మలే.

ఇంక లాభం లేదని, నాతో పనిచేసే ఆమెతోటి నా రక్తం తీయించుకొని, అదే మిషన్ల తిప్పి, రెండు ట్యూబులు పక్కపక్కన పెట్టి చూపెట్టిన. రెండూ ఒక్క తీరుగనే ఉన్నయి.

రాజవ్వ నా చెయ్యి గట్టిగ పట్టుకున్నది. "అయ్యో, నీకు గూడ అచ్చిందా బిడ్డా!"

మధ్యాహ్నం రిపోర్టు అచ్చింది. కామెర్లు లేవు, కొంచెం రక్తం తక్కువుంది, గంతే. చదివి చెప్తె అప్పుడు నవ్వింది. మెట్ల కాడికి పోయి మళ్ల ఆగి, "మరి నీ కాయితం ఏది?" అని అడిగింది.

నాది నేను పరీక్షనే చెయ్యలే. ఏండ్ల సంది అందరియి చేస్తున్న. చేయించుకోమంటరా?