జాడీ మీది మరక

రుమైథియాలో నేను డ్రైవరుగా ఉన్న అరబ్బుల ఇంట్లో కింది వాటా కొరియా పెద్దాయన పోయాడని మొన్న పొద్దున పనిమనిషి రమణమ్మ చెప్పింది. అబద్ధాలు చెప్పి జనాన్ని ఏడిపించడం నా అలవాటు. ఆ ఒక్కసారి ఆమే నన్ను ఏడిపిస్తోందేమోనని ఆశపడ్డాను.

పెద్దాయన బొమ్మలు వేసేవాడు. దేవుళ్లవీ కాదు, రాజులవీ కాదు. వాళ్ల దేశపు పాత తెల్ల జాడీలవి. ఒక్క జాడీని ఎదురుగా పెట్టుకుని నెలల తరబడి దిద్దేవాడు. "ఫోటో తీస్తే చిటికెలో అయిపోతుంది గదా సార్" అంటే, "ఫోటోకి తొందర. నాకు లేదు" అనేవాడు, వచ్చీరాని ఇంగ్లీషులో. టీ కప్పు డ్రైవరుకైనా రెండు చేతులతో అందించేవాడు.

ఒకసారి బొమ్మలో జాడీ పొట్ట మీద గోధుమరంగు మరక వేశాడు, అసలు జాడీ మీద ఉన్నట్టే. రాయచోటి నుంచి ఇంటిపనికి కొత్తగా వచ్చిన రమణమ్మ అక్కడ ఊడుస్తోంది. నా నోరు ఊరుకుంటుందా?

"బొమ్మ మీద టీ ఒలికిందమ్మే. మామా చూసిందంటే నీ పని ఖలాస్!"

పాపం, తడిగుడ్డతో రుద్దేసింది. రంగు ఇంకా ఆరలేదు.

"అన్నా, మరకతో పాటు జాడీ గుడక పోతాండాదే!"

మామా, అదే మా యజమానురాలు, ఆ కేక విని దిగింది. రమణమ్మను ఊరికి పంపేస్తుందని భయపడ్డాను. అయినా గోడ వైపు జరిగి నిలబడ్డాను. పెద్దాయనే ముందుకొచ్చి, "నేనే తుడిచాను. నచ్చలేదు" అన్నాడు.

ఆడవాళ్లు వెళ్లాక నా మొహం చూసి ఇది నా పనేనని కనిపెట్టేశాడు. శిక్ష వేశాడు: ప్రతి శుక్రవారం కూర్చుని ఆ జాడీని చూడాలి.

"తెల్లగా ఉంది సార్."

"ఎన్ని తెలుపులు?"

ఏడో తరగతి తప్పినవాణ్ణి, మూడు వారాలకు తేల్చాను. ఒకవైపు బియ్యం కడిగిన నీళ్లు, ఒకవైపు మజ్జిగ, అడుగున సున్నం. మరి మరకెందుకని అడిగాను.

"ఎవరో నూనె పోసి వాడుకున్నారు. వాళ్లు లేరు, మరక ఉంది. తీసేస్తే అబద్ధం వేసినట్టు." టీ కప్పు నాకందిస్తూ, "ఆమెకు నిజం నువ్వే చెప్పు" అన్నాడు.

నేను చెప్పలేదు.

నిన్న ఆయన కూతురు బొమ్మలు సర్దడానికి వచ్చింది. ఆ బొమ్మ పూర్తయి ఉంది. మరక మళ్లీ వచ్చింది. దాని పక్కనే నాలుగు వేళ్లు జారిన గీతలు. ఆయన వాటిని కప్పేయలేదు. కూతురు దుమ్మనుకుని గుడ్డ తీసింది.

"వద్దు మేడమ్!" అని నేనూ రమణమ్మా ఒకేసారి అరిచాం.

ఆ గీతలు ఎవరివని అడిగింది. ఇక తప్పదు, రమణమ్మ ముందే అంతా కక్కేశాను.

"నీ నోట్లో మన్ను బడ! ఇన్నాళ్లూ నాదే తప్పని కుమిలిపోతి గదన్నా!" తిట్టి తిట్టి, చివరికి నవ్వేసింది.

కూతురు గుడ్డ కింద పెట్టి, రమణమ్మ చెయ్యి పట్టుకుని మెల్లగా ఆ గీతల దగ్గరికి తెచ్చింది. రంగు ఎప్పుడో ఆరిపోయింది. నాలుగు వేళ్లూ సరిగ్గా సరిపోయాయి.