సలాలాల గెట్టు పంచాది

ఒక మాట ముందుగాల్నే ఒప్పుకుంట. నేను భూమి దొంగతనం జేసిన. అదీ నాది గాని దేశంల, నా కోసం గూడ గాదు.

ఒమన్ దేశంల, సలాలాల నాది తోట పని. కొబ్బరి, అరటి. మా అర్బాబ్, అంటే నాకు వీసా ఇచ్చిన యజమాని, మంచి మనిషి. ఆయన తోట పక్కపొంటే ఆయన అక్క తోట. మొగడు వోయిన ముసలామె, పిల్లలు లేరు, పనోళ్లు లేరు. ఆమె చెట్లకు గూడ నేనే నీళ్లు వెడుతుంటి. రెండు తోటల నడుమ మట్టిగెట్టు. పాత కాయితాలల్ల కొలతలు సక్కగ లేకుండె, ఆ గెట్టే హద్దు.

మాది జగిత్యాల దిక్కు. మా దిక్కు పార వట్టినోడు గెట్టు కాడికి వోతే ఇగ చెయ్యి ఊకోదు. ఏడాదికింత చెక్కుడే. ఇటోడు ఇటు చెక్కుతడు, అటోడు అటు చెక్కుతడు, గెట్టు సన్నగై దాని మీద తలకాయలు వలుగుతయి. సలాలాకు వచ్చి గూడ నేను గదే జేసిన. ఎవ్వలు జెయ్యమనలే. అరటి పిలకలు నాటినప్పుడల్లా మా తోట దిక్కు గెట్టును రెండు పారలు చెక్కి, ఆ మట్టిని ముసలామె దిక్కు ఏసుడు. అర్బాబ్‌కు మేలు జేస్తున్నననుకొని లోపల సంబురం. సిగ్గులేని సంబురం! పన్నెండేండ్లల్ల ఆమె కొబ్బరిచెట్లు మూడు మా దిక్కుకు వచ్చినయి.

అర్బాబ్ చనిపోయిండు. తోట పంచుకునేటందుకు కొడుకులు కొలిచేటాయనను పిలిచిండ్రు. గెట్టు పొంటి సిమెంటు కడీలు పాతుతరట, ఇగ అదే పక్కా హద్దు, కాయితంల గూడ అదే ఎక్కుతదట. ముసలామె కర్ర వట్టుకొని వచ్చింది.

"ఆ మూడు చెట్లు నా పెనిమిటి పెట్టినయి" అన్నది.

పెద్దకొడుకు నవ్విండు. "అత్తకు వయసు మీద వడ్డది, యాది ఉంటలేదు" అన్నడు. చుట్టూ ఉన్నోళ్లు తలకాయలూపిండ్రు. పాపం, ఆమెకు తన మీద తనకే అనుమానం వచ్చినట్టుంది, చెట్లను మళ్ల మళ్ల లెక్కవెట్టుకుంట నిలబడ్డది.

పెద్దకొడుకు నన్ను పిలిచిండు. "రఫీక్, ఇన్నేండ్ల సంది నువ్వే ఉన్నవు గదా. గెట్టు జరిగిందా?"

నా వీసా ఇప్పుడు ఆయన చేతుల ఉన్నది. ఇంటికాడ ఇద్దరు పిల్లలు చదువుతున్నరు. జరగలేదంటే అయిపాయె, డ్యూటీ ఉంటది. కానీ ముసలామె యాది సక్కగనే ఉన్నది, గది నాకొక్కనికే ఎరుక.

"జరిగింది సాబ్. నేనే జరిపిన. మీ నాయినకు తెల్వదు" అన్న.

పార వట్టుకొని పోయి, అరటిచెట్ల నడుమ తవ్వి పాత గెట్టు జాడ చూపించిన. అడుగు లోతుల గట్టిమన్ను కనవడ్డది.

"ముఖ్ మాఫీ!" అని అరిసిండు పెద్దకొడుకు. బుర్ర లేదని అరబ్బీల తిట్టుడన్నట్టు. సామాను కట్టుకో, ఇంటికి పంపుత అన్నడు. తిట్టెటందుకు ఆయనకు హక్కున్నది.

ముసలామె కర్ర లేపింది. ఇగ నా వీపు పలిగిందనుకున్న. ఆమె ఆ కర్రను మేనల్లుని దిక్కు చూపెట్టి, "నా చెట్లకు ఇన్నేండ్లు నీళ్లు వెట్టింది ఎవరు? నువ్వా? ఈయన వీసా నా పేరు మీదికి రాయించు" అన్నది.

అయ్యో, నేను ఆడనే మట్టిల కూసొని ఎక్కెక్కి ఏడ్సిన. నేను ముంచిన మనిషే నాకు బువ్వ వెడుతనంటే ఏం జెప్పాలె? నా పిల్లల చదువు ఆగలేదంటే అది ఆమె పుణ్యమే. ఇయ్యాలటికీ రోజుకొక్కసారన్న ఆమెకు మనసుల దండం వెట్టుకుంట.

వీసా మారినంక మొదటి పని, గెట్టు మళ్ల పాత జాగల ఏసుడు. నేను పార వట్టుకొని పోయేసరికి ఆమె కుర్చీ ఏయించుకొని, ఎండల, కర్ర ఒళ్లె వెట్టుకొని ఆడ కూసున్నది.

"నా మీద నమ్మకం లేదా అమ్మా?" అని అడిగిన.

"నీ మీద ఉన్నది. ఆ చేతుల మీదనే లేదు" అన్నది.