ముళ్ళకంప వెనక పిలుపు

ఇట్లా దగ్గరికి జరిగి కూర్చోండి. చాప చివర ఖాళీగానే ఉంది. సందెదీపం పెట్టేశాను, పాలు పొయ్యి మీద నుంచి దించేశాను, ఇక నన్ను లేపే పని ఏదీ లేదు. గట్టిగా చెప్పే సంగతి కాదిది, అందుకే దగ్గరికి రమ్మంటున్నాను.

మొన్న మా మరిది కూతురు కాలేజీ సెలవులకు వచ్చి, అటక మీద దుప్పటి చుట్టి పెట్టిన వాళ్ళ నాన్న రేడియోను దించింది. పాటలు వినే రేడియో కాదు. వినడానికీ పనికొస్తుంది, మాట్లాడటానికీ పనికొస్తుంది. సర్కారు పరీక్ష రాసి లైసెన్సు తీసుకున్నవాళ్ళు, ఊరూ పేరూ తెలియని దూరాలవాళ్ళతో సరదాకి మాట్లాడుకునే పెట్టె. ఆ పిల్ల కూడా ఈమధ్యే ఆ పరీక్ష పాసయింది. పెట్టెకు ఒక వైరు తగిలించి, రెండో కొన తన కంప్యూటర్‌కు గుచ్చి, ఏదో మీట నొక్కింది. అంతే, పెట్టె ముఖం మీద అంకెలు గబగబా మారిపోయాయి. దాని దగ్గర ఎవరూ లేరు, ఏ చెయ్యీ తాకలేదు. నా చేతుల మీద వెంట్రుకలు లేచి నిలబడ్డాయి. “ఏం పెద్దమ్మా, భయమైతాండాదా?” అంది. “భయం కాదు లేమ్మా, చలి” అన్నాను. మా గూళూరు పక్క ఎండాకాలంలో చలి యాడ నుంచి వచ్చిందో ఆ పిల్ల అడగలేదు, నేనూ చెప్పలేదు. మీకు చెబుతాను.

మా మరిది అంటే మా ఆయన తమ్ముడు. మా ఇంటి మగవాళ్ళది తరతరాలుగా గుడి సేవ. మా ఆయన పొద్దున్నే తడిబట్టతో గుడికి పోతే, తమ్ముడు నూనె మరకల ప్యాంటుతో బాగేపల్లికి పోయేవాడు; అక్కడ బోరు మోటార్లు బాగుచేసే అంగడి పెట్టుకున్నాడు. “ఒగడు దేవునికి అభిషేకం జేస్తాడు, ఇంగొగడు మోటరుకు జేస్తాడు” అని మా అత్తమ్మ ఎత్తిపొడిచేది. పని ముగించుకుని వచ్చాడంటే వీధి వైపు గదిలో ఆ రేడియో ముందు కూర్చునేవాడు. మేడ మీద వెదురుగడ నాటి రాగితీగ లాగి కట్టాడు. మా అత్తమ్మ ఒకసారి తెలియక దాని మీద మడిచీర ఆరేసింది. “నా మాట శ్రీలంక దాకా పోవల్లమ్మా, నీ చీర అడ్డం పడతాండాది” అని గోల పెట్టాడు. “మాట పోయేది తర్వాత, ముందు నువ్వు అంగటికి పోయి బెల్లం తీసుకోని రాప్పా” అంది ఆమె. శ్రీలంకతో మాట్లాడే మనిషి, పెళ్ళాం మూడుసార్లు పిలిస్తే గానీ పలికేవాడు కాదు. నా తోడికోడలు నవ్వేది. “ఆయప్పకు నేను కనబడేంత దూరంలో ఉండాను గదక్కా, అందుకే వినబడను” అనేది.

ఒకనాడు చింతామణి నుంచి మా మరిది స్నేహితుడు స్కూటరు మీద వచ్చాడు. ఆయనకూ అలాంటి పెట్టె ఉంది. మేం చింతామణాయన అనేవాళ్ళం. ఇద్దరూ పొద్దంతా గదిలో కూర్చుని ఆ రేడియోకూ కంప్యూటర్‌కూ వైరు కలిపారు. వైరు గుచ్చితే సరిపోదంట. ఇది చెప్పే వేగమూ అది వినే వేగమూ ఒకటి కావాలంట, లేకపోతే రెండూ ఉలకవు పలకవు. “పెండ్లి సంబంధం కుదిరిచ్చినట్టుండాదే” అన్నాను కాఫీ ఇస్తూ. “అవు వదినా, జాతకాలు కలవకుంటే కాపరం చెయ్యవు” అన్నాడు మా మరిది. సాయంత్రానికి కలిశాయి. చిన్నపిల్లవాడిలా నన్ను పిలిచి చూపించాడు. “ఒగటే వైరు వదినా. నా ఆజ్ఞా దీంట్లోనే పోతాది, నా గొంతూ దీంట్లోనే పోతాది.” తన పిలుపును కంప్యూటర్‌లో రికార్డు చేసి పెట్టుకున్నాడు. రోజూ సందెవేళకు కంప్యూటరే రేడియో అంకెలు తిప్పి, ఆ పిలుపు పంపి, కాసేపు ఊరుకుని ఎవరైనా బదులు పలుకుతారేమోనని వినేది, మళ్ళీ పంపేది. గదిలో ఉన్నవాళ్ళకు ఆ గొంతు వినబడదు, అది వైరులో నుంచి నేరుగా ఆకాశానికి పోతుంది. ఒక ఎర్రదీపం వెలిగి ఆరుతుంది, అంతే. సందెవేళే ఎందుకని అడిగాను. వెలుగూ చీకటీ కలిసే ఆ కాసేపు దూరాలు దగ్గరవుతాయంట. “ఇంగ నేను లేకపోయినా ఇది పిలుస్తాది” అన్నాడు. అప్పుడు బల్లి పలికిందని మా అత్తమ్మ తర్వాత చాలాసార్లు చెప్పింది. పలికిందో లేదో, నేను ఖాళీ లోటాలు తీసుకుని వచ్చేశాను.

ఆ ఏడు చెనిక్కాయ చెట్లు పీకే రోజుల్లో, ఆ గదిలోనే, ఆ కుర్చీలోనే తల వాల్చేశాడు. గుండె. నా తోడికోడలు టిఫిను తీసుకుపోయి చూసింది. ఆ పిల్లకు అప్పుడు నాన్న పోవడమంటే ఏమిటో తెలిసీ తెలియని వయసు.

పంచాంగం చూసిన పెద్దాయన ముఖం నల్లబడింది. ధనిష్ఠా పంచకం అన్నాడు. ఆ నక్షత్రాల్లో ప్రాణం పోతే ఇల్లే వదిలిపెట్టాలని మా పక్క పట్టింపు. వీధి వైపు గదికి వేరే వాకిలి ఉంది కాబట్టి ఆ గదొక్కటి మూస్తే చాలునని చివరికి సర్దుబాటు చేశారు. గడువు తీరేదాకా లోపల చీపురుపుల్ల కూడా కదపకూడదు. కదిపితే ఆ ఇంట ఇంకో ప్రాణం పోతుందంటారు. మనిషిని బయటికి తెచ్చే తొందరలో ఎవరి మోచెయ్యి దేనికి తగిలిందో ఎవరు చూశారు? తలుపు వేశారు, తాళం పెట్టారు, వాకిలికి అడ్డంగా తుమ్మ ముళ్ళకంప పెట్టారు. లోపల ఆ పెట్టెలు ఇంకా మేలుకునే ఉన్నాయని ఒక్కరికీ గుర్తు లేదు.

కర్మలు ముగిసేదాకా ఇంటినిండా జనం, ఏడుపులు, గిన్నెల చప్పుళ్ళు. చుట్టాలందరూ వెళ్ళిపోయిన సాయంత్రం ఇల్లు ఒక్కసారిగా మూగబోయింది. దేవుని దగ్గర వత్తి వెలిగిస్తున్నాను. అప్పుడు వినబడింది. ముళ్ళకంప వెనక, తాళం వేసిన గదిలో నుంచి, మా మరిది గొంతు. ముందు ఇంగ్లీషులో, లైసెన్సుతో పాటు సర్కారు ఇచ్చిన తన గుర్తు పేరు చెప్పుకుని, చిన్నగా దగ్గి, “ఎవరన్నా ఉండారా? నేను వింటాండా” అన్నాడు. అగ్గిపుల్ల నా వేలిదాకా కాలింది. నా వెనక నుంచి నా తోడికోడలు, ఎప్పుడూ పలికేటట్టే మామూలుగా, “ఉండాను” అంది.

ఆ రోజు నుంచి ఆమె ఆ వాకిలి దగ్గరే. పొద్దున కూర్చుంటే సందెవేళ దాకా ఆ పిలుపు కోసం చూడటం, పిలుపు వస్తే బదులు చెప్పడం. అన్నం ముద్ద గొంతు దిగేది కాదు. మా ఆయన కరెంటు మెయిను ఆపేసి చూశాడు. సందెవేళకు, చీకట్లో, గొంతు మళ్ళీ వచ్చింది. మా ఆయన చేతిలోని టార్చి కిందపడింది. అన్నేళ్ళుగా గర్భగుడిలో ఒంటరిగా నిలబడిన మనిషి. ఇంకా ఘోరం ఏమంటే, కొన్నాళ్ళు ఆ గదిలో నుంచి వేరే గొంతులు కూడా వచ్చాయి. తెలుగులో, కన్నడలో, నలుగురైదుగురు మగవాళ్ళు. అందరూ మా మరిది గుర్తు పేరు పెట్టి పిలిచేవాళ్ళు. పిలిచి ఆగేవాళ్ళు. ఆ సందులో మా మరిది పలికేవాడు, “నేను వింటాండా” అని.

“పోయినోళ్ళంతా చేరినారు లోపల” అని మా అత్తమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. మురుగమల్ల దర్గాకు కోడలిని పిలుచుకుపోతే మనసు కుదుటపడుతుందంది. మండికల్ నుంచి నా తోడికోడలి అన్న వచ్చాడు, చెల్లెల్నీ పిల్లనూ తీసుకుపోతానని. “ఆయన పిలుస్తాంటే నేను యాడికి వచ్చేదన్నా?” అంది కూర్చున్నచోటు నుంచి కదలకుండా. “పోయినాడమ్మా, బావ పోయినాడు!” అని ఆ మనిషి గోడకు తల ఆనించి ఏడ్చాడు. ఆమె అతన్ని చూసి జాలిపడింది. చేతి ఎముకలు తేలి, గాజులు లేని మణికట్టు పుల్లలా అయిపోయింది. ఇంకో ప్రాణం పోతుందన్న మాట తలుపు తెరవకుండానే నిజమయ్యేట్టుందని నాకు భయం పట్టుకుంది.

నేను నాలుగో తరగతి దాటలేదు గానీ, ఒకసారి విన్నది మరిచిపోయే అలవాటు నాకు లేదు. రోజూ ఆ గొంతు వింటూ ఒకటి గమనించాను. ఆ దగ్గు. ప్రతిరోజూ అదే మాట తర్వాత, అదే చోట, అంతే పొట్టిగా. బతికున్న మనిషి ఎవడూ రెండుసార్లు ఒకే తీరుగా దగ్గడు. ధైర్యం రావాల్సింది పోయి, వెన్నులో నీళ్ళు పోసినట్టయింది. లోపల ఉన్నది మరిది కాడు, మరిది విడిచిపోయిన గొంతు. మర్నాడు చింతామణాయనకు ఫోన్ చేయించాను.

ఆయన వచ్చి వసారాలో మాతోపాటు చాప మీద కూర్చున్నాడు. సందెవేళ గొంతు వచ్చింది. అన్నీ తెలిసిన ఆ మనిషి కూడా నా చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు, తర్వాత సిగ్గుపడి వదిలాడు. లేచి మేడ మీదికి పోయి వచ్చాడు. “కరెంటు ఆపితే నిలిచేది కాదమ్మా. లోపల లారీ బ్యాటరీ ఉండాది, మేడ మీద ఎండపలక దాన్ని నింపతాండాది.” మరి ఆ గొంతులెవరివని మా అత్తమ్మ అడిగింది. “మావేనమ్మా. మాలో ఒకడు పోతే కొన్నాళ్ళు సాయంత్రం వాని పేరు పిలిచి, ఆగి, పలకకుంటే నమస్కారం పెట్టేది మా పద్ధతి.” అని, కాసేపు తల గోక్కున్నాడు. “కానీ వాడు పిలిచేది మాకు ఒక్కనాడూ వినబడలేదు. వైరు ఊడిపోయినట్టుండాది. వైరు తగిలించి ఉంటే గొంతు బయటికి పోతాది, ఇంట్లో వినబడదు. ఊడింది గాబట్టి కంప్యూటర్‌లోనే పలికి, ఈ నాలుగు గోడల్లోనే తిరగతాండాది. మా పిలుపు వానికి వస్తాండాది. వాని పిలుపు మాకు రాలే.”

నా తోడికోడలు మొదటిసారి తల ఎత్తింది. “అన్ని దినాలు పిలిచినాడే. ఒగసారి గూడా పోలేదా?”

“పోలేదమ్మా.”

“తగిలించన్నా. ఒగసారి పోనీ.”

“పోయినోని పేరుతో పిలవకూడదమ్మా, తప్పు. మా రూలు ఒప్పుకోదు” అన్నాడాయన. “గడువు తీరకుండా తెరిచేదానికి ఎట్లా ఐతాది?” అన్నాడు మా ఆయన. ఇద్దరు మగవాళ్ళు తమ తమ శాస్త్రాలు పట్టుకుని నిలబడ్డారు. మా ఇంట్లో పట్టింపులన్నిటికీ పెద్దదిక్కు మా అత్తమ్మ. ఆమె లేచింది. వాకిలి దగ్గరికి పోయి, ఒట్టి చేతులతో ముళ్ళకంప పట్టుకుని లాగింది. “నా కొడుకు నోరెండిపోయేట్టు పిలుస్తాంటే గోడలు వింటాండాయంట. ఇంగో ప్రాణం పోవల్లంటే నాది పోనీ. తియ్యప్పా తాళం.” అరచేతి నుంచి నెత్తురు కారుతున్నా ఆమె చూసుకోలేదు.

మర్నాటి సందెవేళ తలుపు తీశారు. లోపలి గాలి నాలుక మీద దుమ్ములా తగిలింది. కుర్చీ వెనక్కి జరిగి ఉంది, మనిషి ఇప్పుడే లేచి పోయినట్టు. బల్ల కింద వైరు వేలాడుతోంది. చింతామణాయన ముందే చిక్కబళ్ళాపురం స్నేహితులకు ఫోన్ చేసి, ఈ పూట ఒక్కసారి వాడొస్తాడు, భయపడవద్దండి అని చెప్పాడు. వైరు తీసి రేడియోకు తగిలించాడు. వేగాలు కలిపాడు. అంకెలు వాటంతట అవే తిరిగి ఒకచోట నిలిచాయి. ఎర్రదీపం వెలిగింది.

రోజూ గది నిండే గొంతు ఆ పూట వినబడలేదు. పెట్టె ముఖం మీద, అద్దం వెనక, గడియారం ముల్లు లాంటిదొకటి మాత్రం లేచి పడుతూ ఉంది, మాటల లెక్కన. ఒకచోట చిన్నగా ఎగిరింది. అది ఆ దగ్గు. నా తోడికోడలు అద్దం మీద వేలు పెట్టి ఆ ముల్లునే చూసింది. దీపం ఆరింది. గరగరమనే శబ్దం, చాలాసేపు. ఎవరో గొంతు సవరించుకున్నారు. తర్వాత ఒక ముసలి గొంతు, కన్నడలో, మా మరిది గుర్తు పేరు పెట్టి పిలిచి, “కేళిస్తప్పా. హోగి బా” అంది. వినబడిందయ్యా, పోయి రా అని. ఆ వెనకే ఇంకొకరు, ఇంకొకరు.

చింతామణాయన మీట నొక్కి అన్నీ ఆపేశాడు. నా తోడికోడలు కొంగుతో ఆ పెట్టె ముఖం తుడిచింది. కాసేపటికి వంటింట్లోకి వచ్చి, “అక్కా, ఏమన్నా ఉండాదా తినేదానికి?” అంది. సద్దిసంగటి ఉంటే పెరుగు పోసి ఇచ్చాను. మా అత్తమ్మ ఆ తర్వాత కూడా చాలా ఏళ్ళు బతికి, అందరినీ తిట్టి, నిద్రలో పోయింది, మంచి నక్షత్రంలో.

మొన్న ఆ పిల్లను అడిగాను, ఆ పిలుపు ఎంత దూరం పోయి ఉంటుందని. కొంత నేల మీదికి తిరిగొస్తుందంట, కొంత ఆకాశం దాటి పోతానే ఉంటుందంట, ఎక్కడా ఆగకుండా. మాకు ఇక్కడ తలలు నెరిశాయి, పళ్ళు కదిలాయి, ఆ ముళ్ళకంప మట్టిలో కలిసిపోయింది. పైన ఎక్కడో ఆ సందెవేళ మాత్రం ఇంకా ముగియలేదు, మా మరిది ఇంకా అదే వయసులో, అదే చోట దగ్గి, ఎవరన్నా ఉండారా అని అడుగుతూ పోతున్నాడు.

చీకటి పడింది, లేవండి. మీ ఇంట్లో సందెదీపం కొండెక్కకుండా ఉండాలి. ఎవరు ఎవరిని పిలిచినా, లోపలి గదిలో నుంచి “ఉండాను” అని పలికే మనిషి మీ గడపకు ఎప్పుడూ తక్కువ కాకూడదు.