అనంతమ్మ గుమ్మడి పువ్వులు

మామిడిపల్లిలో అనంతమ్మ పొద్దున లేచి ముఖం కడుక్కోగానే పెరట్లోకి పోయి, గుమ్మడి తీగకు విచ్చుకున్న పువ్వులు కోసేది. అడుగున పిందె ఉన్న పువ్వును మాత్రం ముట్టేది కాదు. కోసినవన్నీ దేవుని పటాల ముందు పెట్టి, దండం పెట్టుకున్నాకే చాయ తాగేది.

పొలం ఉన్నన్నాళ్లూ వినాయక చవితి అన్నదానంలో పులుసుకు గుమ్మడికాయ ఆమె ఇంటినుంచే పోయేది. అక్కడ ఎన్ని పువ్వులు కోసినా ఇంకెన్నో మిగిలేవి. పొలం ప్లాట్లయ్యాక కాయ ఇవ్వడం ఆగిపోయింది. కొని ఇవ్వరాదా అని భర్త కుర్మయ్య అంటే ఒప్పుకోలేదు.

"అంగట్ల కొన్న కాయ నాదెట్లయితది?"

పెరట్లోనే గింజలు పెట్టింది. మొదటి ఏడు ఎర్ర పెంకుపురుగులు ఆకుల్ని జల్లెడ చేశాయి. ఒక్కొక్కదాన్నీ ఏరి కిరసనాయిలు నీళ్లలో వేసింది, పొయ్యి బూడిద చల్లింది. రెండో ఏడు బూడిద తెగులు వచ్చింది. ఆకులమీది తెలుపు తాను చల్లిన బూడిదే అనుకుని పది రోజులు పట్టించుకోనే లేదు. మూడో ఏడు, 2012లో, రెండు తీగలకు ఆకులు ముడుచుకుపోతే పీకి పారేసింది. మిగిలిన ఒక్క తీగకూ పిందెలు నిమ్మకాయంత అయి, పసుపెక్కి రాలుతున్నాయి.

ఒకనాడు పక్కింటి రేణుకమ్మ గోడమీదినుంచి, అక్కా, ఆ మూలకో పిందె ఉంది చూడు, అని వేలు చూపించింది. మూడోరోజుకు అదీ రాలింది. పిందెకు ఎవరైనా వేలు చూపిస్తారా అని అనంతమ్మ వీధంతా వినేలా తిట్టి, మాటలు మానేసింది. రేణుకమ్మ మాత్రం రోజూ సాయంత్రం గోడమీద కరివేపాకు రెబ్బ పెట్టడం మానలేదు. అనంతమ్మ అది తీసుకునేది, పలకరించేది కాదు.

ముందు గదిలో కిరాయికుండే సుమలత తల్లిగారిది మహేశ్వరం దగ్గర, కూరగాయలు పండించే ఇల్లు. నెలరోజులు చూసి చూసి, ఒక గురువారం నోరు విప్పింది.

"పెద్దమ్మా, కోపం చెయ్యకు. నువ్వు కోసేటియి మగపువ్వులు. వాటి పుప్పొడి తాకకుంటే పిందె నిలువదు."

"ఇన్ని దినాలు నోట్ల ఏం పెట్టుకున్నవే?"

"దేవుని పువ్వులాయె. ఎట్ల చెప్పాలె?"

అనంతమ్మ బట్టలుతికే బండమీద కూలబడింది. పురుగుల మీదా, తెగులు మీదా, ఇన్నాళ్లూ చెప్పని సుమలత మీదా కోపం వచ్చింది. ఎక్కువ తన మీదే. దేవుని మీద రాబోతే చెంపలు వేసుకుంది.

తీగకు ఇంకో పిందె ఉంది, దాని మొగ్గ తెల్లారితే విచ్చుకుంటుంది, మగపువ్వు తెచ్చి అద్దితే చాలంది సుమలత. ఈ ఏడు అధిక భాద్రపదం వచ్చి చవితి అన్నదానానికి ఇంకా నెలన్నర ఉంది, ఆలోపు కాయ ఎదుగుతుంది. కానీ తీగంతా వెతికినా తెల్లవారి విచ్చుకునే మగమొగ్గ ఒక్కటీ లేదు. రేణుకమ్మ స్నానాలగది కప్పుమీది గుమ్మడి తీగకు నాలుగున్నాయి. కానీ రేపు శ్రావణ శుక్రవారం. చీకటితోనే ఆ నాలుగూ లక్ష్మీదేవికి పోతాయి. అలా కోసి పెట్టడం నేర్పింది అనంతమ్మే.

సాయంత్రం గోడ దగ్గర నిలబడింది. రేణుకమ్మ కరివేపాకుతో వచ్చింది. అనంతమ్మ నోరు తెరిచేసరికి మీదినుంచి విమానం పోయింది. ఏమంటివక్కా, వినబడలేదు, అంది రేణుకమ్మ. అంత కష్టపడి అన్న మాట మళ్లీ మొదటినుంచి అనాల్సి వచ్చింది.

"గా దినం నిన్ను ఉత్తగనే తిట్టిన చెల్లె. నీ వేలుది ఏం తప్పు లేదు, తప్పంత నాదే. రేపు అమ్మవారికి మూడు పువ్వులే పెట్టు. ఒక్కటి కొయ్యకుండ నాకు ఉంచు."