షహనాజ్ మేడం బస్సు సంచి

బీరువా తెరిస్తే ముందు పాత రెగ్జిన్ వాసన వస్తుంది. అడుగు అరలో ఆ నల్ల సంచి ఇంకా ఉంది. లోపల ఒక కీబోర్డు, ఒక చిన్న మానిటర్. ఆ వాసన తగిలితే చాలు, ఏటూరునాగారం బస్సులో టైరు మీది సీటు గుర్తొచ్చి ఎప్పటి కోపమో మళ్లీ లేస్తుంది. దాని వెంటే నవ్వు కూడా వస్తుందని ఒప్పుకోవాలి.

మాది హనుమకొండలో రక్తపరీక్షలు చేసే సంస్థ. చుట్టుపక్కల ఊళ్లలో ఐదు ల్యాబులు, ల్యాబుకొక సర్వర్. అన్నిటినీ మా గదిలోంచే లాగిన్ అయి చూసుకునేవాళ్లం. షహనాజ్ మేడం నా పైఅధికారి. లాగిన్‌కు ఎవరిని రానివ్వాలో చెప్పే ఫైలును ముట్టుకోవాలంటే ఆమె పద్ధతి ఒకటే. ముందు నకలు తీయాలి. మార్చాక తప్పులున్నాయేమో సర్వర్‌నే అడగాలి. తెరిచి ఉన్న విండోను అలాగే ఉంచి, కొత్త విండోలోంచి లాగిన్ అయి చూడాలి. "కొత్త తొవ్వ దొరికినంకనే పాత తలుపు మూయాలె సమ్మయ్యా" అనేవారు. నేను చేరిన మొదటి వారంలోనే అందరి ముందూ ఈ మాట మూడుసార్లు అన్నారు. మూడూ నాకు గుర్తున్నాయి.

రెండో నెలలో, నా ఉద్యోగం ఇంకా ఖాయం కాకముందు, పాస్‌వర్డ్‌తో లాగిన్ ఆపేసి, తాళంచెవిలా పనిచేసే కీ ఫైలు ఉన్నవాళ్లనే రానివ్వమన్నారు. ఆదేశాలన్నీ వరుసగా తనే నడిపే స్క్రిప్టు ఒకటి రాసి ఐదు ఫైళ్లనూ ఒకేసారి మార్చాను. తప్పులేమీ లేవని సర్వర్లు చెప్పాయి. గర్వంగా విండోలన్నీ మూసేశాను. తర్వాత చూస్తే నాలుగు తెరుచుకున్నాయి. ఏటూరునాగారం సర్వర్ తెరుచుకోలేదు, అందులో నా కీ పెట్టనేలేదు. అక్కడి రిపోర్టులు ఆ దారిలోనే హనుమకొండ డాక్టర్లకు రావాలి. సాయంత్రంలోగా రాకపోతే రేపటినుంచి నువ్వు రావద్దని మేనేజర్ ముఖం మీదే అన్నాడు.

మేడం బీరువాలోంచి సంచి తీసి నా చేతిలో పెట్టారు.

"ఎవలు మూసిండ్రో వాళ్లే పోయి తెరవాలె. ఇది మన రివాజు."

"ఫోన్‌ల అక్కడోళ్లకు చెప్తే అయిపోదా మేడం?"

"బస్సుల పోయొస్తే మంచిగ యాదికుంటది. జర జల్ది నడువు."

చాయ్ తాగి పొమ్మని కూడా అనలేదు.

ఏటూరునాగారంలో బస్సు దిగి ల్యాబులో సంచి విప్పాను. సర్వర్‌కు మానిటర్ తగిలించి ఎదురుగా కూర్చుంటే పాస్‌వర్డ్ పనిచేస్తుంది, నేను ఆపింది దూరంనుంచి వచ్చే లాగిన్‌కే. నకలు ఉంది కాబట్టి పాత ఫైలును తిరిగి పెట్టడం రెండు నిమిషాల పని. రిపోర్టులు కదిలేసరికి సాయంత్రం దాటింది. మేడంకు ఫోన్ చేశాను. "మంచిది. ఇగ సంచి మూత లోపల నీ పేరు రాయి" అన్నారు. మూత ఎత్తితే అప్పటికే మూడు పేర్లున్నాయి. మొదటిది షహనాజ్. రెండోదీ షహనాజే.

మర్నాడు మేనేజర్ నన్ను రావద్దనలేదు. కారణమేమిటో కొన్ని నెలల తర్వాత అతనే చెప్పాడు. "సంచిల పేరున్నోళ్లను తీసేసుడైతే ముందుగాల నన్ను తీసేయండి సార్" అన్నారట మేడం. ఆ మాట నాకు ఆమె ఏనాడూ చెప్పలేదు. నా ఫిర్యాదుల్లో అదీ ఒకటి.

ఆ వారమే ఇద్దరం కూర్చుని స్క్రిప్టు మళ్లీ రాశాం. ఐదు నిమిషాల్లోపు కొత్త విండోలోంచి లాగిన్ అయి సరే అనకపోతే, పాత ఫైలు తనంతట తానే వెనక్కి వస్తుంది. ఇప్పుడు మేడం కుర్చీలో నేనున్నాను. సంచి బస్సెక్కి ఏళ్లయింది.

నిన్న నాతో పనిచేసే రజిత, "స్క్రిప్టు ఉంది గద సార్, ఇగ ఈ సంచెందుకు?" అంది. మూత ఎత్తి చూపించాను. చివరనున్న నా పేరు దాకా చదివి, "మీరు సుత పోయిండ్రా?" అని కడుపుబ్బ నవ్వింది. ఆ నవ్వును గుర్తుపెట్టుకున్నాను. సంచిని మళ్లీ అడుగు అరలో పెడుతూ, మూత లోపల ఇంకా చాలా చోటుందని మాత్రం చెప్పాను.