నీలిపోగు తిత్తి

అసహ్యం అంటే నాకు ఒకే రూపం గుర్తొస్తుంది. ఉబ్బిన నీలిరంగు తిత్తి, దాని కింద వేలాడే పోగులు. ఛీ!

మా గద్వాల పక్కన పారే కృష్ణమ్మ సముద్రంలో కలిసే చోట మునగాలని అమ్మ మొక్కుకుంది. రెండో ప్రపంచ యుద్ధం రాకముందు ఒక కార్తీక పున్నమికి నాయన, అమ్మ, పన్నెండేళ్ల నేను రైలెక్కి బందరు వైపు పోయాం. ఇంట్లో మగ్గం మీద ఒక పెళ్లిచీర ఆగి ఉంది. ఒళ్లు నూలు, కొంగు నీలిపట్టు. నూలుపోగు కొసకు పట్టుపోగు ఒక్కొక్కటే అతకాలి. ఆ అతుకు మా ఇంట్లో నాయన వేళ్లకే వచ్చు.

ఒడ్డున ఇసుకలో ఆ తిత్తి పడి ఉంది. నిజం చెప్పొద్దూ, చూడ్డానికి ముచ్చటగానే ఉంది. దాని కింద బారెడు నీలిపోగులు. నేతగాడికి పోగు కనబడితే చెయ్యి ఊరుకుంటుందా?

"ఏం రంగే గిది! మన కొంగు రంగే. పట్టా ఏంది?" అంటూ నాయన వేళ్ల మధ్య నలిపాడు. వేళ్లు చురుక్కుమనేలోపే, మగ్గం దగ్గరి అలవాటు కొద్దీ, కొస తడపడానికి పెదాల మధ్య పెట్టుకున్నాడు.

"సచ్చిన్నే!" అని కూలబడ్డాడు. పెదాలు బూరెల్లా పొంగాయి. వేళ్ల మీద ఎర్రటి చారలు తేలాయి. నోట్లోంచి చొంగ కారుతూనే ఉంది.

అమ్మ గాబరాగా చెంబుతో మంచినీళ్లు పోసింది. మంట రెట్టింపైంది. చేపలమ్మే ఆమె ఒకతె పరుగెత్తుకొచ్చి చెంబు లాక్కుంది.

"మంచినీళ్లు పొయ్యమాకమ్మా, విషం ఇంకా ఎక్కుద్ది! సచ్చి ఎండినా కుట్టుద్ది, దీని దుంపతెగ!"

ఉప్పునీళ్లతో కడిగి, అంటుకున్న పోగులు పుల్లతో తీసింది. అదే పుల్లతో తిత్తిని తిరగేసింది. కింద జిగురులో ఒక చిన్న చేప, తల కరిగిపోయి, తోక మాత్రం మిగిలి ఉంది.

"ఇది ఈదలేదు. గాలి తోలినకాడికి పోద్ది. పోగు తగిలిన చేప ఇంక కదల్లేదు. పైకి లాక్కుని ఇట్టా కరిగించుకు తాగుద్ది."

నేను అక్కడే కక్కుకున్నాను. అది జెల్లీచేపలా కనబడినా ఒక్క ప్రాణి కాదు, ఒకదానికొకటి అతుక్కుని బతికే ప్రాణుల గుంపు అని చాలా ఏళ్లకు చదివినప్పుడు ఆ పుస్తకం మూసేశాను.

ఇంటికొచ్చాక వాపు తగ్గింది గానీ వేళ్లకు స్పర్శ రాలేదు. నాయన మగ్గం ముందు కూచుని, "బిడ్డా, జర చూడు, నా వేళ్ల నడుమ పోగున్నదా?" అని అడిగాడు. లేదు. అది ఎప్పుడో జారి కింద పడింది. అమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది.

పదిహేను రోజులకు వేళ్లకు కాస్త తెలిసింది. అయితే పోగు పెదాల దాకా తెచ్చేసరికి ఆయన చెయ్యి ఆగిపోయేది. గిన్నెలో నీళ్లు పెట్టాం. ఉత్త నీళ్లకు అతుకు నిలవలేదు, ఉమ్మి జిగురే కావాలి. చివరికి ఆ నీలిపోగు నావైపు చాపాడు.

"నువ్వు తడిపియ్యి బిడ్డా. నాతోని కాదు."

నా కళ్లముందు తల కరిగిన చేపే ఉంది. కడుపులోంచి తన్నుకొచ్చింది. మింగి, నాలుక చాపాను. కొంగు మొత్తం అయ్యేదాకా, పోగు పోగుకూ అలాగే మింగి, అలాగే చాపాను.